మొక్కజొన్న వోడ్కా, మా పెద్దాయన అరచేయి

నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి నాకు ముప్ఫై దాటి ఎంతోకాలం కాలేదు. శాలువా కప్పలేదు, గోడగడియారం ఇవ్వలేదు. వోడ్కా రుచి చూసే ఉద్యోగం మానేసి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో చేరి, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కి మారిపోయాను. అయినా దాన్ని విరమణ అనే అంటాను. ఆ తర్వాత చేస్తున్నదాన్ని పని అనడానికి నాకే మొహమాటం.

ఇక్కడ వీకెండ్ పార్టీల్లో కొత్తగా ఎమ్మెస్ ముగించి వచ్చిన కుర్రాళ్ళు నా పాత ఉద్యోగం సంగతి విని చుట్టూ చేరతారు. "అన్నా, నిజంగా తాగడానికి జీతమిచ్చేవాళ్ళా?" అని అడుగుతారు. తాగడానికి కాదు నాయనా, ఉమ్మడానికి. నోట్లో పోసుకోవడం, తిప్పడం, బకెట్‌లో ఉమ్మడం. సాయంత్రానికి ఆ బకెట్ కడిగేది కూడా నేనే. ఇది చెప్పగానే సగం మంది చికెన్ పకోడీ వైపు వెళ్ళిపోతారు. ఈ కథ మిగిలిన సగం మందికి.

న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊళ్ళో ఫుడ్ సైన్స్ చదివి బయటికొచ్చాక నాకు దొరికిన ఉద్యోగం పేరు సెన్సరీ అనలిస్ట్. పేరు బాగుంది కాబట్టి తెలిసిన ఆంటీలెవరూ ఇంకేమీ అడగలేదు. "హెచ్1 చేస్తారా నాన్నా?" అన్నారు, చేస్తారన్నాను, సంతోషించారు. ఏం అనలైజ్ చేస్తానో అడగకపోవడం వాళ్ళ సంస్కారం, చెప్పకపోవడం నా సంస్కారం.

కంపెనీ చిన్నది. ఈ దేశంలో చాలాచోట్ల సారా కాచేవాడు సీసా తీసుకెళ్ళి నేరుగా దుకాణంలో పెట్టడానికి లేదు. మధ్యలో హోల్‌సేల్ వాడొకడు ఉండాలి. ఆ మధ్యవాళ్ళం మేం. యజమాని మన తెనాలి వైపు పెద్దాయన. ఫార్మాలో చాలా ఏళ్ళు కెమిస్ట్‌గా చేసి, రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఈ వ్యాపారం పెట్టాడు. "ఆఫీసులో అంకుల్ అనకయ్యా, సార్ అను" అని మొదటిరోజే నాకు చెప్పాడు. అదే మాట సేల్స్ చూసే అమ్మాయికి కూడా చెప్పి ఓడిపోయాడు. ఆ అమ్మాయి ఆయన స్నేహితుడి కూతురు, జెర్సీలోనే పుట్టింది. ఆమె తెలుగులో 'మీరు' అనే మాట లేదు. "అంకుల్, నువ్వు ఈ కంపెనీకి కాల్ చేశావా?" అని అందరి ముందూ అడిగేది. ఆయన అటూ ఇటూ చూసి, చేశానమ్మా అనేవాడు.

పెద్దాయనకి ఒక పరీక్ష ఉండేది. కొన్ని చుక్కల వోడ్కా అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ గట్టిగా రుద్ది, దోసిలి ముక్కుకి ఆనించి పీల్చడం. స్పిరిట్ ఎగిరిపోతుంది. గింజ వాసన, తయారీలో తప్పుంటే దాని కంపు, చేతిలో మిగులుతాయి. ఇది ఆయన కనిపెట్టింది కాదు, ఈ వృత్తిలో చాలామంది చేస్తారు. కానీ ఆయన చేస్తుంటే సంధ్యావందనం చేస్తున్నట్టు ఉండేది. పక్కన దగ్గడానికి కూడా భయం వేసేది. "నాలుకని మోసం చెయ్యొచ్చయ్యా, అరచేతిని చెయ్యలేం" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. తలూపడం నా ఉద్యోగంలో రెండో భాగం.

ముఖ్యంగా ఆయన పట్టేది సల్ఫర్. కాచే రాగి పాత్ర సరిగ్గా తోమకపోతే సరుకులో గంధకపు వాసన వస్తుంది, ఉడికిన క్యాబేజీలాగా, కుళ్ళిన గుడ్డులాగా. ఆఫీసుకి పోస్టులో వచ్చిన సీసాల్లో ఆయనకి అది ఎప్పుడో గానీ దొరికేది కాదు. కాచే రైతుల పొలాలకి వెళ్ళి చూసినవాటిలో మాత్రం ప్రతిసారీ దొరికేది. దీని మీద ఆయనకో సిద్ధాంతం కూడా ఉంది. పోస్టులో పంపేటప్పుడు జాగ్రత్తగా చేసిన సరుకు పంపుతారు, మనమే పోయి చూస్తే బండారం బయటపడుతుంది, ఈ పొలంవాళ్ళకి రాగి తోమడం రాదు. ఎంత బాగుంది! కెమిస్ట్రీ, సోషియాలజీ రెండూ ఉన్నాయి. చుట్టుపక్కల ఆయనకి సల్ఫర్ ముక్కు అని పేరు కూడా వచ్చింది. నేను తలూపేవాణ్ణి.

2012 ప్రాంతంలో, ఒక శనివారం సంతలో, ఒకావిడ దగ్గర మొక్కజొన్న వోడ్కా రుచి చూశాను. చేతి పరీక్ష చెయ్యలేదు, మామూలుగా చూశాను. మొదట ముక్కుకి ఏమీ తగలదు. కాసేపాగితే అప్పుడే వలిచిన లేతపొత్తు వాసన. నాలుక మీద తియ్యగా, కొంచెం నూనెలా జారుతుంది, పోతూపోతూ మిరియంలా చురుక్కుమంటుంది. ఆ రోజు ఉమ్మలేదు. ఇది నా వృత్తి జీవితంలో అత్యున్నత ప్రశంస.

సోమవారం పెద్దాయనకి చెప్పాను.

"శాంపిల్ బాగుండటం గొప్ప కాదు అబ్బాయ్. కాచే చోటు చూడాలి. గురువారం పోదాం."

ఆవిడ ఊరు న్యూయార్క్ రాష్ట్రంలో. మీరు అనుకునే న్యూయార్క్ కాదు, మనుషుల కంటే ఆవులు ఎక్కువున్న న్యూయార్క్. పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం, డ్రైవింగ్ సేల్స్ అమ్మాయిది. ప్రయాణానికి ముందు పెద్దాయన నియమాలు కఠినం. కాఫీ వద్దు, సెంటు వద్దు, చూయింగ్ గమ్ వద్దు, షేవ్ చేసుకున్నాక పూసుకునేది అసలే వద్దు. పులిహోర మాత్రం ఉంటుంది. అది తిండి కింద లెక్క కాదు, ప్రయాణం కింద లెక్క.

ఆ పులిహోర చేసేది ఆయన భార్య. జెర్సీ సిటీలో వాళ్ళది చాలా అంతస్తుల టవర్. ఆంటీ ఇంగువ పోపు వేసిన డబ్బా లిఫ్ట్‌లో కిందకి దిగి కార్‌లోకి వచ్చేశాక కూడా వాసన లిఫ్ట్‌లోనే ఉండిపోయి పైకీ కిందకీ తిరుగుతూ ఉండేదని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు.

దారిలో రెస్ట్ ఏరియాలో ఆగి, బల్ల మీద ఫాయిల్ విప్పాం. నేను, పెద్దాయన చేత్తో కలుపుకుని తిన్నాం. అమ్మాయి ఫోర్క్‌తో తింది.

"అదేంటమ్మా, పులిహోర ఫోర్క్‌తో తింటే ఏం రుచి?" అన్నాడు పెద్దాయన.

"ఫోర్క్‌తో తింటే స్టీరింగ్ ఎల్లో అవ్వదు అంకుల్."

మేం బాటిల్ నీళ్ళతో వేళ్ళు తడిపి, టిష్యూతో తుడుచుకుని, శుభ్రంగా ఉన్నామని నిర్ణయించుకున్నాం. ఆపిల్ ముక్క నమిలి నాలుక కూడా శుభ్రం చేసుకున్నాం. నాలుక విషయంలో మేం చాలా ఖచ్చితం.

పొలం చేరేసరికి ఎండ బాగా పైకొచ్చింది. ఒకప్పుడు ఆవుల పాలు పిండిన షెడ్‌లో ఆవిడ రాగి పాత్ర పెట్టుకుంది. యాభై దాటిన మనిషి, చేతులు కడవ మోసేవాటిలా ఉన్నాయి, మాట దానికి తగ్గట్టే ఉంది. పొలం ఆవిడదీ తమ్ముడిదీ. షెడ్ బయట ఒక పెద్ద ఫ్లాట్‌బెడ్ ట్రక్కు ఆగి ఉంది. దాని మెట్టు మీద కూర్చుని ఒకడు శాండ్‌విచ్ తింటున్నాడు.

"అతనెవరు?" అని అడిగాను.

"నా రాగి పాత్ర కొనడానికి వచ్చాడు" అంది ఆవిడ. వీళ్ళంతా మాట్లాడింది ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను. ఉన్నదానికంటే మర్యాదస్తుల్లా కనిపిస్తే తప్పు భాషది. "తమ్ముడితో పందెం. మీరు నా వోడ్కా తీసుకుంటే పాత్ర ఉంటుంది. వద్దంటే ఆ ట్రక్కెక్కుతుంది, ఆ చోట వీడు గింజలు ఆరబెట్టే మిషన్ పెట్టుకుంటాడు. మీ పెద్దాయన గురించి అడిగి కనుక్కున్నాడు. పొలాల్లో ఎవరిదీ పాస్ చెయ్యలేదట కదా. అందుకే ట్రక్కుని ముందే పిలిచాడు."

పక్కనే ఉన్న తమ్ముడు ఏమీ దాచుకోలేదు. "వాడికి వేరే పని కూడా ఉంది, వెయిట్ చేయించడం బాగోదు" అన్నాడు.

అంటే విషయం ఇదీ. ఆవిడ రాగి పాత్ర ఉండాలా పోవాలా అన్నది మా పెద్దాయన అరచేతిలో ఉంది. ఈ మాట నేను అలంకారంగా అనడం లేదు.

ఆవిడ మాకు ముగ్గురికీ తలా కొంచెం పోసింది. నోట్లో వేసుకున్నాను, సంతలో తాగినదే. మళ్ళీ అదే లేతపొత్తు. నాకు ధైర్యం వచ్చింది. పెద్దాయన కూడా నోట్లో తిప్పి ఉమ్మి, కనుబొమలు ఎత్తాడు. అది ఆయన మొహంలో చప్పట్లతో సమానం. తర్వాత చేయి చాచాడు. చుక్కలు పడ్డాయి. రుద్దాడు. దోసిలి ముక్కుకి ఆనించి పీల్చాడు.

కనుబొమలు కిందకి దిగిపోయాయి.

"సల్ఫర్" అన్నాడు. నాకేసి తిరిగి తెలుగులో, "నువ్వు చూడవయ్యా" అన్నాడు.

నేనూ రుద్దుకుని పీల్చాను. ఉంది. గుప్పున ఉంది. సంతలో ఎలా తప్పిపోయిందో అర్థం కాలేదు. పైగా ఎక్కడో బాగా తెలిసిన వాసనలా, ఇంటి వాసనలా అనిపించింది. వృత్తిలో ఆరితేరుతున్నాను కాబోలు, సల్ఫర్ కూడా చుట్టంలా తోస్తోంది అనుకున్నాను.

"అవును సార్, సల్ఫరే" అన్నాను.

అమ్మాయి కూడా రుద్దుకుంది. "నాకు కార్న్ స్మెల్ తప్ప ఏం రావట్లేదు అంకుల్."

"నీది సేల్స్ ముక్కులే అమ్మా, దానికి అన్నీ బాగానే ఉంటాయి" అన్నాడు ఆయన.

ఆవిడ మొహం చూడటం కష్టమైంది. పాత్ర దగ్గరకి వెళ్ళి దాని పొట్ట మీద చెయ్యి వేసి నిలబడింది. బయట తమ్ముడు ట్రక్కు వాడికి సైగ చేశాడు. వాడు శాండ్‌విచ్ మడిచి జేబులో పెట్టుకుని వెనక రాంప్ దించాడు. ఆ ఇనుప చప్పుడుకి పెద్దాయన మనసు కూడా కొంచెం కదిలినట్టుంది. ఆయన చెడ్డవాడు కాదు, కెమిస్ట్ అంతే.

"మేడం, ఊరికే అన్నానని మీరు అనుకోకూడదు. శాస్త్రం ప్రకారం పోల్చి చూపిస్తాను. దుకాణంలో కొన్న వోడ్కా ఏదైనా ఉందా?"

తమ్ముడి గదిలో ఉంది. తెచ్చాడు. అక్క ఏడాదిగా వోడ్కా కాస్తుంటే తమ్ముడి గదిలో కొన్న సీసా ఉండటం గురించి వాళ్ళిద్దరి మధ్యా ఒక చూపు నడిచింది. దాన్ని నేను అనువదించను.

పెద్దాయన దాన్ని రుద్దాడు, పీల్చాడు. "ఇందులో కూడా ఉంది!" అన్నాడు ఆశ్చర్యంగా. "చూశారా, ఇంత పెద్ద కంపెనీవాళ్ళు కూడా రాగి తోమడం లేదు."

"అయితే నీళ్ళు చూడండి" అన్నాడు తమ్ముడు. "మా బావి నీళ్ళు ఎప్పుడూ అనుమానమే."

కుళాయి కింద చెయ్యి పెట్టి, రుద్ది, పీల్చాడు. "ఆఁ! దొరికింది! మీ నీళ్ళలోనే ఉంది సల్ఫర్!" ఆయన గొంతులో చాలా ఏళ్ళ ఫార్మా అనుభవం మోగింది.

"కానీ అంకుల్, ఆ షాప్ బాటిల్ ఈ నీళ్ళతో చెయ్యలేదు కదా?" అంది అమ్మాయి.

నా మెదడులో ఏదో కదలబోయింది. తలూపే అలవాటు వల్ల దాన్ని ఆపేశాను.

"అంకుల్, నువ్వు ఏమీ వెయ్యకుండా స్మెల్ చెయ్యి. జస్ట్ హ్యాండ్స్."

పెద్దాయన తడి తుడుచుకుని, ఖాళీ అరచేతులు ముక్కుకి ఆనించి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తర్వాత చాలాసేపు చేతులు మొహం మీద నుంచి తియ్యలేదు. వాసన చూస్తున్నాడా, మొహం దాచుకుంటున్నాడా అన్నది నాకు ఈరోజుకీ తెలియదు.

ఆవిడ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని తనే వాసన చూసింది. వెనక్కి ఒక అడుగు వేసింది.

"దేవుడా! ఏం తిన్నారు మీరు?"

"లంచ్" అన్నాను నేను.

అమ్మాయి నేల మీద కూర్చుని నవ్వింది. మధ్యలో ఊపిరి దొరికినప్పుడు వాళ్ళకి ఇంగువ అంటే ఏమిటో చెప్పింది. పెద్దాయన చేతులు దించి, గొంతు సవరించుకుని, ఇంగువలో ఉండే సల్ఫర్ సమ్మేళనాల గురించి, అవి స్పిరిట్‌లో ఎంత సులువుగా కరిగి పైకి లేస్తాయో దాని గురించి, చాలా గౌరవప్రదమైన చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. అంతా నిజమే. కాకపోతే ఫోర్క్‌తో తిన్న మనిషికి అంతకు ముందే తెలిసిపోయింది.

సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడిగాం. పోలేదు. ఆంటీ పోపు అంటే పోపే. చివరికి ఆవిడే దారి చూపింది. తన అరచేతిలో వోడ్కా వేసుకుని, రుద్ది, దోసిలి ఆయన ముక్కు ముందు పెట్టింది. పెద్దాయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా వంగి పీల్చాడు. ఒక్కరి చేయి చాలదు, పోల్చాలి అన్నాడు. తమ్ముడు రుద్దుకున్నాడు. ట్రక్కు వాడు, సంగతి తెలియకపోయినా, అందరూ చేస్తున్నారని చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. పెద్దాయన ఒక్కొక్క దోసిలి దగ్గర వంగుతూ తీర్థం పుచ్చుకుంటున్నవాడిలా ఆ వరసంతా నడిచాడు. ట్రక్కు వాడి చేతిలో డీజిల్, ఆవపిండి సాస్ దొరికాయి. సల్ఫర్ మాత్రం ఎక్కడా లేదు.

"శుభ్రంగా ఉంది" అన్నాడు నిటారుగా నిలబడి. "చాలా బాగుంది. మేం తీసుకుంటాం మేడం."

తమ్ముడు ట్రక్కు టైరుని ఒక్క తన్ను తన్నాడు. టైరుకి ఏమీ కాలేదు. "నేను ఖాళీగా వెళ్ళాలా?" అన్నాడు ట్రక్కు వాడు. పాత పాల క్యాన్లు ఎక్కించుకు పొమ్మన్నారు.

ఇక్కడితో అయిపోయుంటే అందరం నవ్వుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. కానీ ఆవిడ నవ్వడం లేదు.

"ఒక్క మాట అడుగుతాను. ఇంతకు ముందు పొలాలకి వెళ్ళినప్పుడు కూడా ఈ అన్నమే తిని వెళ్ళారా?"

నేను మాట మార్చడానికి నోరు తెరిచాను. పెద్దాయనకి మాత్రం అబద్ధం రాదు.

"ప్రతిసారీ కాదు" అన్నాడు. "కొన్నిసార్లు పెరుగన్నం."

"అందులో?"

ఆయన నాకేసి చూశాడు. "అందులో కూడా ఇంగువ పోపే" అన్నాను.

ఆవిడ సీసాకి మూత బిగించింది. "అయితే మీకు ఇప్పుడే ఇవ్వను. పందెం నేను గెలిచాను, పాత్ర ఉంటుంది. సరుకు కావాలంటే, మీరు కంపు అని చెప్పొచ్చిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళండి. చేతులు కడుక్కుని వెళ్ళండి. తర్వాత నాకు ఫోన్ చెయ్యండి."

"వీళ్ళు మళ్ళీ రాక, నువ్వు ఇంకొకరికి అమ్మలేకపోతే?" అన్నాడు తమ్ముడు ఆశగా.

"నువ్వు నోర్ముయ్" అంది. ఇది మాత్రం యథాతథం.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి అంది: "అంకుల్, ఆ ఓల్డ్ మ్యాన్ గుర్తున్నాడా? రై విస్కీ? నువ్వు సల్ఫర్ అన్నావ్, అతను ఏడ్చాడు."

"రోడ్డు చూసి నడుపమ్మా" అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "ఏడవలేదు. జలుబు" అన్నాడు. ఇంకొంచెం దూరం పోయాక, "వచ్చేవారం మొదట ఆయన దగ్గరికే పోదాం" అన్నాడు.

వెళ్ళాం. ఈసారి అరటిపళ్ళతో వెళ్ళాం. ఆంటీకి కారణం చెప్పే ధైర్యం ఎవరికీ లేక, డాక్టరు చెప్పాడన్నాం. ఆ జలుబు పెద్దమనిషి రై విస్కీ చాలా బాగుంది. తీసుకుంటామంటే ఆయన మళ్ళీ ఏడ్చాడు. ఈసారి జలుబు అనడానికి పెద్దాయనకి మొహం చెల్లలేదు, రుమాలు ఇచ్చాడు. ఇంకొకడు మా మాట విన్నాక పాత్ర అమ్మేసి, ఆపిల్ రసం పెట్టుకున్నాడట. మేం క్షమాపణ మొదలుపెడితే మధ్యలోనే ఆపి, ఇప్పుడు రాత్రిళ్ళు హాయిగా నిద్ర పడుతోందని, మళ్ళీ మంచివార్తలేమీ తేవద్దని దణ్ణం పెట్టాడు. ఇంకోచోట కుక్కని వదిలారు. అది మా చేతులే ముందు వాసన చూసింది.

ఒక్కొక్క చోటా బాగుందంటుంటే పెద్దాయన ఒక్కొక్క అంగుళం కుంగిపోయాడు. దారిలో సల్ఫర్ అనే మాటే ఎత్తడం మానేశాడు. చూసి చూసి నాకే జాలి వేసింది, ఆయన బాగుందన్నప్పుడల్లా ఈసారి మనస్ఫూర్తిగానే తలూపాను.

మిగిలిన ఆఖరి ఇల్లు ఒక లావుపాటి ఆయనది, బంగాళాదుంప వోడ్కా. తలుపు తియ్యగానే, "మళ్ళీ వచ్చారా" అన్నాడు. పెద్దాయన నీరసంగా చుక్కలు వేసుకుని, రుద్ది, పీల్చాడు.

కదల్లేదు. మళ్ళీ పీల్చాడు. ఆయన మొహం మెల్లిగా, పొద్దుపొడుపులాగా, వెలిగింది.

"అబ్బాయ్! చూడవయ్యా!"

చూశాను. కుళ్ళిన గుడ్డు. నిఖార్సయిన, సందేహం లేని, ప్రపంచంలో ఏ పోపుకీ సంబంధం లేని కంపు. అమ్మాయి చూసి ముక్కు మూసుకుంది. "ఓ మై గాడ్, అంకుల్, ఇది రియల్!"

"రియలే!" అన్నాడు పెద్దాయన. ఆ లావుపాటాయన రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ, "మీది నిజంగా చాలా ఘోరంగా ఉంది, చాలా థ్యాంక్స్" అన్నాడు. ఆ మనిషికి ఏమనాలో తెలియక యూ ఆర్ వెల్కమ్ అన్నాడు.

అక్కడి నుంచే మొక్కజొన్న ఆవిడకి ఫోన్ చేశాడు. అందరి దగ్గరికీ వెళ్ళామని, దాదాపు అందరిదీ బాగుందని, ఒక్కటి మాత్రం నిజంగానే కంపు అని, ఆ చివరిమాట మూడు రకాలుగా చెప్పాడు.

"కంగ్రాచులేషన్స్" అంది అవతల ఆవిడ. "బండి పంపండి. పెట్టెలు కట్టించి ఉంచాను."

ఆ మాట పెద్దాయన వినలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, ఇంకొక్కసారి వాసన చూడటానికి అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.